క్లమము – అశ్వగంధ: ఆప్తవాక్యము నుండి ప్రత్యక్షపరీక్ష వరకు

శ్రీ వేంకటేశాయ నమః

అలిపిరి నుండి కాలినడకన తిరుమల కొండనెక్కు భక్తులకు మోకాళ్ళ పర్వతమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. సుమారు 3,550 మెట్లు గల ఆ మార్గమున, అంతవరకు గోవిందనామముతో తేలికగా సాగిన పాదములు ఆ నిటారు మెట్ల యొద్ద బరువెక్కును. తాళ్ళపాక అన్నమాచార్యులవారు (జననము 1408) బాల్యమున తొలిసారి కొండకు వచ్చినప్పుడు ఇచ్చటనే ఆకలిచేతను అలసటచేతను సొమ్మసిల్లి, పాదరక్షలతోనే వెదురుపొద నీడన శిలపై మేను వాల్చిరని, వారి మనుమడైన చిన్నన్న రచించిన అన్నమాచార్య చరిత్రము తెలుపుచున్నది. అలమేలుమంగమ్మ వృద్ధస్త్రీ రూపమున వచ్చి, సాలగ్రామమయమైన కొండపై పాదరక్షలు తగవని బోధించి, ప్రసాదమునిడి ఆ బాలుని సేదదీర్చెను. అలసట తీరిన బాలుడు ఆశువుగా శతకము చెప్పెను.

ఈ వృత్తాంతమున జగన్మాత ఇచ్చినది మూలిక కాదు, అన్నము. బాలునికి కలిగినది నడకచేత, ఆకలిచేత వచ్చిన అలసట. దానికి ఆహారము, నీడ, విశ్రాంతి చాలును. కాని నేడు తిరుపతి క్షేత్రమునకు వచ్చువారిలో అనేకులు మోసికొనివచ్చు అలసట వేరు విధమైనది. అది మెట్లెక్కకమునుపే ఉన్నది. ఉద్యోగభారము, ఋణభారము, సంతానమును గూర్చిన చింత, నిద్రలేమి దానికి మూలములు. అట్టివారు కొండ దిగిన పిమ్మట పట్టణమున మూలికల అంగడిలో అశ్వగంధ చూర్ణమును కొని ఇంటికి కొనిపోవుట సర్వసాధారణమైనది. ఆ వేరు నిజముగా ఆ అలసటను తీర్చునా? శాస్త్రము ఏమి చెప్పినది? పరీక్షలు ఏమి తేల్చినవి? ఈ ప్రశ్నలకు చరిత్ర ఇచ్చు సమాధానమే ఈ వ్యాసవిషయము.

శ్రమము, క్లమము

ప్రాచీనాచార్యులు అలసటను ఒకే ముద్దగా చూడలేదు. సుశ్రుత సంహితలో శారీరస్థానము నాలుగవ అధ్యాయమున క్లమమునకు ప్రత్యేక లక్షణము చెప్పబడినది. ఏ పనియు చేయకయే దేహమున కలుగు శ్రమ, ఆయాసపు శ్వాస లేనిది, ఇంద్రియములను తమ విషయములయందు ప్రవర్తింపనీయనిది క్లమము. బరువు మోసినవాని అలసట శ్రమము. ఏమియు మోయకయే, కూర్చున్నచోటనే, చదువుటకు కన్ను సాగక, వినుటకు చెవి సాగక కలుగు అలసట క్లమము. నేటి వైద్యులు మానసిక ఒత్తిడి వలని అలసట అని పిలుచు స్థితికి ఇంతకంటె దగ్గరి ప్రాచీనపదము మరియొకటి కానరాదు.

దీని కారణమును వాగ్భటుడు ఓజస్సు పరముగా వివరించెను. కోపము, ఆకలి, చింత, శోకము, శ్రమ మొదలగువానిచేత ఓజస్సు క్షీణించునని అష్టాంగహృదయ సూత్రస్థానము చెప్పుచున్నది. ఓజస్సు క్షీణించినవాడు కారణము లేకయే భయపడును, దుర్బలుడగును, ఎడతెగక చింతించును, అతని ఇంద్రియములు వ్యథ చెందును అని చరకుని వర్ణన. అతిచింత రసవహ స్రోతస్సులను దూషించునని విమానస్థానమున చెప్పబడినది. మనస్సునందలి వ్యాపారము దేహధాతువును శోషింపజేయునను ఈ సూత్రము ఆయుర్వేదమునకు మూలస్తంభములలో ఒకటి. మనోవ్యథకును దేహవ్యథకును సంబంధమే లేదను భావము వారికి సమ్మతము కాదు.

పెన్నేరు: ఊరి పొలిమేరనున్న మూలిక

అశ్వగంధకు తెలుగున పెన్నేరు, పెన్నేరుగడ్డ, దొమ్మడోలు అను పేర్లు కలవు. పచ్చివేరునకు గుఱ్ఱపు వాసన ఉండుటచేత సంస్కృతనామము ఏర్పడినది. ఇది వంగ, టమాట మొక్కల కుటుంబమునకు చెందిన చిన్నపొద. కాగితమువంటి పలుచని పొరలోపల ఎఱ్ఱని చిన్నపండు దాగియుండును. వర్షము తక్కువైన రాయలసీమ నేలలయందు, ఊరి పొలిమేరలలో, బాటల ప్రక్కన, పాడుబడిన గోడల యొద్ద ఇది తనంతట తాను మొలచును. పశువులు దీనిని అంతగా ముట్టవు. పాశ్చాత్య వృక్షశాస్త్రమున దీని పేరులోని రెండవ పదము నిద్రను కలిగించునది అను అర్థము గల లాటిన్ శబ్దము. తూర్పున బలమును చూచి, పడమట నిద్రను చూచి ఒకే మొక్కకు రెండు గుణములను గుర్తించిరి. ఒత్తిడిచేత నలిగినవానికి ఆ రెండును కావలసినవే.

ఒక విషయము గుర్తింపదగినది. అంగడిలో లభించు మెత్తని పిండివంటి వేరు ఎక్కువగా సాగుచేయబడిన రకమునుండి వచ్చునది. బాటప్రక్కన మొలచిన అడవి రకపు వేరు కట్టెవలె గట్టిగా ఉండును. పేరు ఒక్కటే అయినను ద్రవ్యము అన్నిచోట్ల ఒక్కటి కాదు. ఈ భేదము ముందు చెప్పబోవు పరీక్షల విలువను నిర్ణయించుటలో చాల ముఖ్యమైనది.

శేషాచలము ఔషధీనిలయమని క్షేత్రవాసులెరుగుదురు. ఎఱ్ఱచందనము, కొండగుగ్గిలము, తెల్లకరక వంటి అరుదైన వృక్షములు ఈ కొండలయందు కలవు. 2010వ సంవత్సరమున ఈ పర్వతశ్రేణి జీవావరణ పరిరక్షణ ప్రాంతముగా ప్రకటింపబడినది. వేసవిలో దాహమును తీర్చు నన్నారి పానకమునకై మారేడుగడ్డలను కొండలలో అతిగా త్రవ్వుటచేత ఆ తీగ జాతియే ప్రమాదమున పడినది. వేరును కోరుట యనగా మొక్కను చంపుటయే. అశ్వగంధ పొలమున సాగునకు లొంగు మొక్క అగుట అదృష్టము. దానికై కొండను గాయపరచవలసిన పని లేదు.

చతుర్విధ పరీక్ష

ఋషివాక్యమునకు మరల పరీక్ష యేల అని కొందరు భక్తులు ప్రశ్నింతురు. పరీక్షకు నిలువని మాటను ఋషి పేరున ఏల నమ్మవలెనని మరికొందరు ప్రశ్నింతురు. ఈ రెండు పక్షములకును చరకుడే సమాధానము చెప్పియున్నాడు. సూత్రస్థానము పదునొకండవ అధ్యాయమున, ఉన్నది లేనిది అని సమస్తమును రెండు విధములనియు, దానిని తెలిసికొనుటకు ఆప్తోపదేశము, ప్రత్యక్షము, అనుమానము, యుక్తి అను నాలుగు పరీక్షలు కలవనియు ఆయన నిర్ణయించెను. ఆప్తోపదేశము మొదటిది, కాని ఏకైకమైనది కాదు. వైద్యవిద్యయందు పరీక్ష చేయుట శాస్త్రధిక్కారము కాదు, శాస్త్రాజ్ఞయే. కనుక అశ్వగంధను ఈ నాలుగు నికషములపైనను గీసి చూచుట న్యాయము.

ఆప్తోపదేశము: గ్రంథములు నిజముగా చెప్పినది

చరక సూత్రస్థానము నాలుగవ అధ్యాయమున ద్రవ్యములు పదేసి చొప్పున ఏబది గణములుగా కూర్పబడినవి. అశ్వగంధ బల్యగణమునందును, బృంహణీయగణమునందును కనబడును. అనగా బలమునిచ్చునది, కృశించిన దేహమును పూరించునది అని అర్థము. అదే అధ్యాయమున శ్రమహరగణము వేరుగా కలదు. ఆ పదింటిలో అశ్వగంధ లేదు. అక్కడ ఉన్నవి ద్రాక్ష, ఖర్జూరము, ప్రియాళము, రేగు, దానిమ్మ, ఫల్గువు, పరూషకము, చెరకు, యవలు, షష్టికధాన్యము. అన్నియు తినదగిన పండ్లు, ధాన్యములు, చెరకు. ప్రియాళమనగా సారచెట్టు. ఆ జాతి వృక్షములు శేషాచలపు అడవులలోను కలవు.

మోకాళ్ళ పర్వతమున అన్నమయ్యకు ప్రసాదమే ఔషధమగుటకును, చరకుడు శ్రమహరణమునకు ఆహారమునే నియమించుటకును గల సామ్యము భావుకులకు స్పష్టము. అలసినవానికి మొదట అన్నమిడవలెను, పిదప బలము క్షీణించినచో బల్యద్రవ్యమును విచారింపవలెను. అశ్వగంధ అలసటను తక్షణమే పోగొట్టునని చరకుడు ఎచ్చటను గణములో చేర్చలేదు. నేడు దానికి ఆపాదింపబడుచున్న మహిమలో కొంత శాస్త్రమునుండి వచ్చినది, కొంత ప్రకటనలనుండి వచ్చినది. ఈ రెంటిని వేరుచేయుట సాధకుని కర్తవ్యము.

వాగ్భటుడు ఉత్తరస్థానమున రసాయనాధ్యాయమునందు అశ్వగంధను పాలతోగాని, నేతితోగాని, నూనెతోగాని, గోరువెచ్చని నీటితోగాని పదునైదు దినములు సేవించినచో కృశించిన దేహము పుష్టి చెందునని చెప్పి, లేతపైరునకు వానతో దానిని పోల్చెను. ఆ ఉపమానమున మూడు నియమములు ఇమిడియున్నవి. అధికారి కృశుడు, కాలము పరిమితము, అనుపానము నిర్దిష్టము. వాన లేతపైరునకు మేలుచేయును. నిండిన చెరువునకు అదే వాన గట్టు తెంచును. స్థూలునకును, అజీర్ణవంతునకును, జ్వరితునకును అదే ద్రవ్యము అదే ఫలమునిచ్చునని ఆచార్యుడు చెప్పలేదు.

దేవాలయములు, ఆరోగ్యశాలలు, రాజధాని వివాదములు

దక్షిణదేశమున దేవాలయమునకును వైద్యమునకును గల సంబంధము శాసనసిద్ధము. కాంచీపురమునకు సమీపమున తిరుముక్కూడలిలో వేంకటేశ పెరుమాళ్ ఆలయగోడపై వీరరాజేంద్ర చోళుని 1069వ సంవత్సరపు శాసనమున్నది. ఆ ఆలయమునకు అనుబంధముగా 15 పడకల ఆతులశాల నడచెను. ఒక వైద్యుడు, ఒక శల్యచికిత్సకుడు, మూలికలు తెచ్చుటకు ఇరువురు, రోగుల పరిచర్యకు ఇరువురు స్త్రీలు నియమింపబడిరి. ఏడాదికి నిల్వయుంచవలసిన ఔషధముల పేర్లు కూడ రాతిపై చెక్కబడినవి. తెలుగునాట రుద్రమదేవి కాలపు మల్కాపురశాసనము (1261) ఆలయ మఠ గ్రామాదాయమున ఒక భాగమును ప్రసూతిశాలకును ఆరోగ్యశాలకును కేటాయించినది. ఔషధమును జాబితా కట్టి, పరిమాణము నిర్ణయించి, లెక్క చూపించు ఆచారము ఈ దేశమునకు కొత్తది కాదు.

చిత్తూరు మండలము 1911వ సంవత్సరమున ఏర్పడినప్పుడు అది మద్రాసు రాజధానిలోని భాగము. ఆ రాజధానిలోనే దేశీయౌషధముల సత్యాసత్యములపై మొదటి పెద్ద వివాదము చెలరేగెను. 1918వ సంవత్సరమున ప్రభుత్వము దేశీయ ద్రవ్యములను పరిశోధించుటకు డాక్టరు కోమన్ అను వైద్యుని నియమించెను. ఆయన మద్రాసు సర్వజన ఆసుపత్రిలో వానిని ప్రయోగించి, ఆయుర్వేదమునకు ప్రతికూలమైన అభిప్రాయములతో నివేదికలిచ్చెను. వైద్యలోకము దీనిని తీవ్రముగా ఖండించెను. ద్రవ్యమును దాని కల్పననుండి, అనుపానమునుండి, రోగి ప్రకృతినుండి వేరుచేసి, విదేశపద్ధతిలో ప్రయోగించి ఫలము లేదనుట పరీక్ష కాదని వారి వాదము.

ఆ వివాదము నిష్ఫలము కాలేదు. మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతను, కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తి కార్యదర్శిత్వమున ఏర్పడిన సంఘము 1923వ సంవత్సరమున నివేదిక సమర్పించెను. 1925వ సంవత్సరమున మద్రాసునందు ప్రభుత్వ దేశీయవైద్య పాఠశాల ఆరంభమయ్యెను. ఈ కాలమున ఆంధ్రులు వెనుకబడలేదు. మద్రాసునందు ఆయుర్వేదాశ్రమమును స్థాపించిన దివి గోపాలాచార్యులవారు జీవామృతమను బలవర్ధకమునకు దేశమంతట ఖ్యాతి తెచ్చిరి. పాశ్చాత్యవైద్యమున పట్టభద్రులైన ఆచంట లక్ష్మీపతిగారు వారి శిష్యులై ఆయుర్వేదమును అభ్యసించిరి. రెండు కన్నులతో చూడవలెనను దృష్టి అప్పుడే తెలుగువారికి అలవడెను. తరువాతి కాలమున, 1983వ సంవత్సరమున తిరుమల తిరుపతి దేవస్థానము తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాలను నెలకొల్పెను. చంద్రగిరి సమీపమున నరసింగాపురమున ఔషధనిర్మాణశాలను నడుపుచున్నది. తిరుముక్కూడలి ఆతులశాలకు ఇది వారసత్వమే.

కోమన్ వివాదమున వైద్యులు పలికిన ఆక్షేపము నేటికిని సజీవము. కాని అది రెండు వైపుల పదునుగల కత్తి. ద్రవ్యమును కల్పననుండి వేరుచేసి ఫలము లేదనుట దోషమైనచో, కల్పననుండి వేరుచేసిన సారమునకు ఫలము కనబడగానే అది చూర్ణమునకును వర్తించుననుట కూడ దోషమే.

అనుమానము: పొగను చూచి నిప్పును ఊహించుట

1936వ సంవత్సరమున హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు, వేరువేరు హానికరములైన కారణములు దేహమున ఒకే విధమైన ప్రతిక్రియను కలిగించునని ప్రకటించెను. ఒత్తిడి అను వైద్యభావనకు అది నాంది. అడ్రినల్ గ్రంథులనుండి స్రవించు కార్టిసాల్ అను ద్రవ్యము ఆ స్థితికి కొలబద్దలలో ఒకటి అయినది. 1947వ సంవత్సరమున సోవియట్ దేశమునందు లాజరెవ్ అను శాస్త్రజ్ఞుడు, అట్టి ఒత్తిడిని తట్టుకొనుశక్తిని పెంచు ద్రవ్యములకు అడాప్టోజెన్ అను వర్గనామమును సూచించెను. బల్య, రసాయన పదములకు సమీపమైన భావన పాశ్చాత్యవిజ్ఞానమున ఈ రీతిగా ప్రవేశించెను.

అశ్వగంధ వేరు, ఆకులనుండి వితనొలైడ్ల వర్గమునకు చెందిన రసాయనములు వేరుచేయబడినవి. చల్లని నీటిలో ఈదించిన ఎలుకలపై, దినదినము స్వల్ప విద్యుదాఘాతములకు లోనుచేయబడిన ఎలుకలపై జరిగిన ప్రయోగములలో, ఈ మూలికనిచ్చిన జంతువులు ఒత్తిడి లక్షణములను తక్కువగా చూపినవి. ఇది అనుమానప్రమాణము. ఎలుకయందు కనబడినది మనుష్యునియందు ఉండవచ్చునని ఊహింపజేయును, నిశ్చయింపజేయదు. ఎలుకకు ఋణము లేదు, కన్యాదానచింత లేదు. మనుష్యుని క్లమమునకు మనుష్యుడే సాక్షి కావలెను.

ప్రత్యక్షము: మనుష్యులపై జరిగిన పరీక్షలు

నేటి వైద్యపరీక్షాపద్ధతి యొక్క సారమును సులభముగా చెప్పవచ్చును. కొందరికి నిజౌషధము, కొందరికి అదే రూపము గల ఔషధరహిత గుళిక ఇత్తురు. ఎవరికేది ముట్టినదో రోగికిగాని వైద్యునికిగాని తెలియదు. విశ్వాసముచేత కలుగు ఉపశమనమును ద్రవ్యముచేత కలుగు ఉపశమనమునుండి విడదీయుటయే దీని ప్రయోజనము. విశ్వాసమునకు ఉపశమించుశక్తి కలదని ఈ పద్ధతియే అంగీకరించుచున్నదని సాధకులు గమనింపవలెను.

1980వ సంవత్సరమున ప్రకటింపబడిన భారతీయ పరిశోధనలో 50 నుండి 59 ఏండ్ల వయస్సు గల 101 మంది ఆరోగ్యవంతులైన పురుషులు ఏడాదిపాటు దినమునకు 3 గ్రాముల చొప్పున వేరుచూర్ణమును సేవించిరి. రక్తమునందలి హిమోగ్లోబిను వృద్ధి చెందెనని నివేదించిరి. చూర్ణరూపమున, శాస్త్రోక్తమునకు సమీపమైన మాత్రతో, దీర్ఘకాలము జరుగుట దీని విశేషము.

తెలుగునాటనే జరిగిన ప్రసిద్ధపరీక్ష 2012వ సంవత్సరమున వెలువడినది. హైదరాబాదు నగరమున ఆశ ఆసుపత్రియందు దీర్ఘకాలిక ఒత్తిడితో బాధపడు 64 మందిని రెండు వర్గములుగా చేసి, 60 దినములు దినమునకు రెండుమార్లు 300 మిల్లీగ్రాముల వేరు సారమునుగాని ఔషధరహిత గుళికనుగాని ఇచ్చిరి. ప్రశ్నావళిచేత కొలిచిన ఒత్తిడి మూలిక పొందినవారిలో 44 శాతము, ఇతరులలో 5.5 శాతము తగ్గినది. రక్తమునందలి కార్టిసాల్ మొదటివారిలో 27.9 శాతము, రెండవవారిలో 7.9 శాతము తగ్గినది. ప్రపంచమంతట అశ్వగంధకు వచ్చిన నేటి ప్రచారమునకు ఈ హైదరాబాదు పరీక్ష ముఖ్యాధారములలో ఒకటి.

ఇంతటితో ఆగినచో కథ సుఖాంతము. కాని ఇతర పరీక్షలను కూడ చూడవలెను. స్వల్పమైన అలసటయు అధిక బరువును గల మధ్యవయస్కులైన పురుషులపై జరిగి 2019వ సంవత్సరమున వెలువడిన పరీక్షలో 50 మంది చివరివరకు నిలిచిరి. కొన్ని హార్మోనులు వృద్ధి చెందినవి. అయితే అలసట, ఉత్సాహము, కార్టిసాల్ విషయమున మూలికకును ఔషధరహిత గుళికకును చెప్పదగిన భేదము కనబడలేదు. 2023వ సంవత్సరమున ప్రకటింపబడిన మరియొక పరీక్షలో, ఒత్తిడి, అలసట గల 40 నుండి 75 ఏండ్ల స్త్రీపురుషులు 120 మంది 12 వారములు పాల్గొనిరి. ఒత్తిడి రెండు వర్గములలోను తగ్గెను. వాని నడుమ భేదము లేదు. అలసట మాత్రము మూలిక పొందినవారిలో స్పష్టముగా అధికముగా తగ్గెను.

ఈ ఫలితముల కలయిక విచిత్రముగా తోచును. ఒకచోట ఒత్తిడి తగ్గినది. ఒకచోట అలసట తగ్గలేదు. ఒకచోట ఒత్తిడియందు భేదము లేక అలసటయందు భేదము కలిగినది. పరీక్షకు వచ్చినవారు ఒక్కరు కారు, వాడిన సారములు ఒక్కటి కావు, మాత్రలు ఒక్కటి కావు. పరీక్షలలో పాల్గొనినవారి సంఖ్య స్వల్పము, కాలము ఎక్కువగా రెండు మూడు మాసములే. అనేక పరీక్షలకు సారమును తయారుచేయు సంస్థల సహకారమున్నది. వస్తువును అమ్మువాడే తూనిక పట్టినప్పుడు తూనిక తప్పని చెప్పరాదు, కాని మరియొకసారి తూచి చూచుట వివేకము. ప్రత్యక్షప్రమాణము ఇచ్చు తీర్పు ఇది: అశ్వగంధకు ఒత్తిడి, అలసటలపై మేలు ఉండుటకు ఆధారము కలదు. ఆ ఆధారము ఆశాజనకము, కాని సంపూర్ణము కాదు.

పరీక్షలలో ఎక్కువగా వాడినది వితనొలైడ్ల పరిమాణమును నిర్ణయించి గాఢముగా చేసిన సారము. అంగడిలో కొను చూర్ణము అది కాదు. భారతీయ ఆయుర్వేద ఔషధకోశము వేరుచూర్ణమునకు 3 నుండి 6 గ్రాముల మాత్రను చెప్పినది. 600 మిల్లీగ్రాముల సారపు ఫలితమును చూపి చెంచాడు చూర్ణమును అమ్ముట, చూర్ణపు ప్రాచీనఖ్యాతిని చూపి గాఢసారమును అమ్ముట, రెండును సమానమైన అపసవ్యములే.

అపాయపక్షము

అమృతము కూడ అయుక్తముగా సేవించినచో విషమగునని వైద్యుల హెచ్చరిక. అశ్వగంధ సేవించినవారిలో కాలేయమునకు హాని కలిగిన సందర్భములు ఇటీవల నమోదైనవి. 2020వ సంవత్సరమున ఐస్లాండు, అమెరికా దేశములనుండి అయిదుగురి వృత్తాంతము వెలువడినది. 2023వ సంవత్సరమున భారతదేశమునుండియే వెలువడిన పరిశీలనలో, అశ్వగంధ ఒక్కటే గల ఔషధము సేవించి కాలేయము దెబ్బతిన్నవారు 8 మంది గుర్తింపబడిరి. వారిలో ముందే దీర్ఘకాలిక కాలేయవ్యాధి గల ముగ్గురు మరణించిరి. కోట్లమంది సేవించుచున్నారను దృష్టితో ఈ సంఖ్య స్వల్పమే. అయినను మరణించినవారికి అది స్వల్పము కాదు. 2023వ సంవత్సరమున డెన్మార్కు దేశము ఈ మూలికను ఆహారపూరకములలో నిషేధించెను. భారతీయ శాస్త్రవేత్తలు, ఆయుష్ వర్గములు ఆ నిర్ణయమును అంగీకరింపలేదు. వివాదము కొనసాగుచున్నది.

వేరునకును ఆకునకును భేదము పాటింపవలెను. శాస్త్రము ఈ ప్రయోజనమునకు చెప్పినది వేరునే. చవుకగా దొరకు ఆకును కలిపిన సరకు శాస్త్రోక్తము కాదు. గర్భిణులు దీనిని సేవింపరాదు. కాలేయరోగులు, థైరాయిడ్ వ్యాధికి మందు వాడువారు, నిద్రమాత్రలు, మధుమేహౌషధములు వాడువారు వైద్యుని అనుమతి లేక తాకరాదు. సేవించుచున్న కాలమున కన్నులు పచ్చబడుట, మూత్రము ముదురువర్ణమగుట, దురద, అరుచి కనబడినచో తక్షణము మాని ఆసుపత్రికి పోవలెను. మరియొక మాట. ఎడతెగని అలసటకు రక్తహీనత, థైరాయిడ్ లోపము, మధుమేహము, గాఢమైన మనోవిషాదము కారణములు కావచ్చును. కారణమును పరీక్షింపజేయక చూర్ణముతో నెలలు గడుపుట రోగమునకు నీరుపోసి పెంచుటయే.

యుక్తి: పొలము, నీరు, ఋతువు, బీజము

నాలుగవ పరీక్షయైన యుక్తికి చరకుడు వ్యవసాయమునే దృష్టాంతముగా చెప్పెను. నీరు, దుక్కి, బీజము, ఋతువు కలిసినప్పుడు పైరు పుట్టును. ఏ ఒక్కటియు తానుగా పైరును పుట్టింపదు. వర్షము తక్కువైన సీమ రైతునకు ఈ మాటను వ్యాఖ్యానింపనక్కరలేదు. మంచి విత్తనము ఉన్నను అదను తప్పినచో చేను ఎండును.

ఇదే దృష్టితో చరకుడు రసాయనాధ్యాయమున ఔషధముల వెంట ఆచారరసాయనమును కూడ చెప్పెను. సత్యము పలుకుట, క్రోధమును విడుచుట, అతిశ్రమ చేయకుండుట, జపము, శౌచము, దానము, నిద్రను మేలుకొనుటను సమముగా ఉంచుట, పాలను నేతిని సేవించుట, గురువులను వృద్ధులను గౌరవించుట ఇందులోనివి. అట్టివాడు నిత్యరసాయనుడు. భగవద్గీత ఆరవ అధ్యాయమున దుఃఖమును పోగొట్టు యోగమునకు మితమైన ఆహారవిహారములను, మితమైన నిద్రను నియమించుట దీనితో సరిపోవును. రాత్రి రెండు గంటలవరకు మేలుకొని, భోజనవేళ తప్పి, క్రోధముతో దినమును గడుపుచు పాలలో చూర్ణము కలిపి త్రాగువాడు దుక్కి లేని నేలపై విత్తనము చల్లినవాడు. క్లమమునకు హేతువును విడువక క్లమమునకు మందు వెదకుట, చిల్లిగల కుండలో నీరు నింపుట వంటిది.

స్నానము శ్రమను, స్వేదమును, మలమును పోగొట్టి ఓజస్సునిచ్చునని చరకుడు చెప్పెను. క్షేత్రమునకు వచ్చిన యాత్రికునికి పెద్దలు ఏర్పరచిన క్రమమును ఈ దృష్టితో చూచినచో అంతరార్థము బోధపడును. కాలినడక, పుష్కరిణీస్నానము, దర్శనము, తీర్థప్రసాదములు, అన్నప్రసాదము, రాత్రి విశ్రాంతి. దేహమునకు మితవ్యాయామము, స్నానము, అన్నము. మనస్సునకు భారమును దించుకొను చోటు. ఇందులో ఏ వేరును లేదు. అయినను శ్రమహరణమునకు, ఓజోవృద్ధికి శాస్త్రము చెప్పిన అంగములు చాలవరకు ఇందులో ఉన్నవి. ఈ క్రమము తరువాతను, వ్యాధి పరీక్షలు నిర్దోషముగా ఉన్న తరువాతను క్లమము నిలిచియున్నచో, వైద్యుడు ప్రకృతిని, అగ్నిని, బలమును చూచి పరిమితకాలము అశ్వగంధను నియమించుట యుక్తము. అప్పుడు అది లేతపైరుపై వాన.

నాలుగు పరీక్షలును కలిపి చూచినప్పుడు తేలినది ఇది. ఆప్తవాక్యము అశ్వగంధను బల్యముగా, కృశునకు పుష్టికరముగా చెప్పినది. అనుమానము దానిని సమర్థించుచున్నది. ప్రత్యక్షము కొంతవరకు అవుననుచు, ఇంకను చూడవలెననుచున్నది. యుక్తి దానిని ఒంటరిగా విడువరాదనుచున్నది. తొమ్మిదివందల ఏండ్లకు పూర్వము ఔషధముల పేర్లను ఆలయగోడపై చెక్కించి లెక్కకు నిలబెట్టిన పెద్దలకు, నేడు ఒక వేరును లెక్కకు నిలబెట్టుట అపచారముగా తోచియుండదు. సత్యమునకు పరీక్షవలన భయము లేదు. పరీక్షకు భయపడునది వ్యాపారము మాత్రమే.

మోకాళ్ళ మెట్టున బాలుని యొద్దకు వచ్చిన తల్లి మొదట అతని పాదరక్షలను విడువుమని చెప్పెను, పిదప ప్రసాదమునిచ్చెను. విడువవలసినదానిని విడిచిన తరువాతనే, ఇచ్చినది ఒంటబట్టును.

శుభం భూయాత్